నెలలు నిండని బిడ్డ: తప్పింది ఎవరి లెక్క?

“ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు.”

మా ఆలమూరులో ఈ మాట వినని ఇల్లు లేదు. గౌతమికి ఈవలి ఒడ్డున వింటాం, ఆవలి ఒడ్డున వింటాం, నడుమ లంకల్లోనూ వింటాం. పురిటింటి గడపలో కూర్చున్న ముసలమ్మ దీన్ని వేదవాక్యంలా పలుకుతుంది; పట్నంలో చదువుకొని వచ్చిన కోడలు కాదనలేక తల వూపుతుంది. ఇది అమాయకుల మాట, దీనితో మనకేం పని అని త్రోసివెయ్యటానికి వీలు లేదు. మాటలు మనుషులను చంపగలవు. ఈ మాట చంపుతూనే వుంది.

నా కూతురు ఎనిమిదో నెలలో పుట్టింది. నాకు రక్తపోటు పెరిగి, కాళ్ళూ ముఖమూ వాచి, మన పెద్దలు గుర్రపువాతం అని పిలిచే ప్రమాదం ముంచుకురాగా వైద్యులు 33వ వారంలోనే కాన్పు చెయ్యవలసివచ్చింది. చూడవచ్చిన దూరపు బంధువు ఒకావిడ మా అమ్మ చెవిలో అనటం నేను విన్నాను: “ఎనిమిదో నెల గదా వదినా, మరీ ఆశ పెట్టుకోకండి. ఇంకో నెల ముందు వచ్చినా బాగుండేది.” ఆవిడ చెడ్డ మనిషి కాదు. మా దుఃఖాన్ని ముందుగానే తేలిక చెయ్యాలని ఆవిడ తాపత్రయం. నా కూతురు ఇప్పుడు రెండో తరగతి చదువుతున్నది.

ఈ నానుడి మన తాతమ్మల సొంత ఆస్తి కూడా కాదు. హిపోక్రటీసు పేర చెలామణీ అయిన గ్రీకు వైద్యగ్రంథాల్లో ఎనిమిదో నెల శిశువును గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వున్నది. మన సుశ్రుతుని సంప్రదాయం కూడా ఎనిమిదో నెలలో ఓజస్సుకు నిలకడ వుండదనీ, అప్పుడు పుట్టిన బిడ్డ బతకదనీ చెప్పింది. పెద్దలు చెప్పినంత మాత్రాన, రెండు దేశాల పెద్దలు చెప్పినంత మాత్రాన, అబద్ధం నిజమవుతుందా? తల్లి కడుపులో గడిచే ఒక్కొక్క వారమూ బిడ్డ ఊపిరితిత్తులకు బలం పోస్తుంది. వారం గడిచినకొద్దీ బతికే అవకాశం పెరుగుతుందే గాని తరగదు. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకన్న ఎక్కువ ఆశ వుంది. ఇందులో సందేహానికి తావు లేదు.

మరి ఈ అబద్ధం ఇంతకాలం ఎలా నిలబడింది? దాని కిటుకు చాలా సులువు. బిడ్డ బతికితే “ఏడో నెలే అయ్యుంటుంది” అంటారు. పోతే “ఎనిమిది పడింది కాబోలు” అంటారు. బిడ్డ సంగతి తేలిన తరవాత నెలలు లెక్క కడతారు! ఇలా కట్టిన లెక్క ఎప్పటికైనా తప్పుతుందా? ఇది లెక్క కాదు. లెక్క చెప్పకుండా తప్పించుకునే ఉపాయం. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది కూడా ఇదే. నెలలు నిండని కాన్పుల విషయంలో మన సంఘం లెక్క చెప్పకుండా తప్పించుకుంటున్నది. ముసలమ్మ ఒక్కతే కాదు. ప్రభుత్వమూ, సొమ్ము చేసుకునే ఆసుపత్రీ, పంచాంగమూ, చివరకు మన సాహిత్యమూ ఆ పనే చేస్తున్నవి.

*

ఆ ఆసుపత్రిలో నా పక్క మంచం మీద ఒక లంక గ్రామపు కూలీ ఆడమనిషి వుండేది. ఆమె పేరు ఇక్కడ వ్రాయను. సార్వా నాట్ల రోజులు. మధ్యాహ్నం దాకా వంగి నాట్లు వేసిందట. నడుము నొప్పి అనుకొని గట్టు మీద కూర్చున్నదట. నొప్పి ఆగక, పోటు మీదున్న గోదావరిని పడవలో దాటి, ఆటో ఎక్కి వచ్చింది. వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న: “ఎన్నో నెలమ్మా?” భర్త ఏడన్నాడు. అత్త ఎనిమిదన్నది. ఆమె మాత్రం, “సంక్రాంతికి నీళ్ళు పోసుకున్నానండి, అది ముందో తరవాతో గుర్తులేదండి” అన్నది. మూడో నెలలో తీసిన స్కానింగు కాగితం లేదు. కాన్పయింది. మూడో నాడు బిడ్డ పోయింది. “ఎనిమిదో నెలేనమ్మా, నేను చెప్పలేదా?” అన్నది అత్త. అంతటితో ఆ బిడ్డ పద్దు మూసేశారు.

వైద్యురాలి ప్రశ్న ఊసుపోక వేసిన ప్రశ్న కాదు. దాని వెనక యాభై ఏండ్ల పరిశోధన వున్నది. 1972లో న్యూజీలాండులో లిగ్గిన్స్, హౌవీ అనే ఇద్దరు వైద్యులు, నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షను ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని చూపించారు. ఖర్చు స్వల్పం. ఐనా ఆ సంగతిని అమెరికా వైద్యలోకం అధికారికంగా తలకెక్కించుకునేటప్పటికి 1994 వచ్చింది. ఇరవై రెండేండ్లు! ఈ లోపల పోయిన పసికందుల లెక్క ఏ చిట్టాలో వుంది?

ఇక మన దేశపు సంగతి. 2014లో మన ప్రభుత్వం ఈ ఇంజెక్షనును గ్రామాల్లోని ఏఎన్ఎంలు కూడా ఇవ్వవచ్చునన్నది. మరుసటి సంవత్సరమే, అంటే 2015లో, మన దేశంతో సహా ఆరు దేశాల పల్లెల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితం వెలువడింది. చదివినవాళ్ళు నిర్ఘాంతపోయారు. ఏమంటే, ఆ ప్రాంతాల్లో మందు విరివిగా ఇచ్చినచోట పసిబిడ్డల మరణాలు మొత్తం మీద తగ్గలేదు సరికదా, పెరిగినవి! కొందరు వెంటనే, “చూశారా, ఇంగ్లీషు వైద్యం!” అన్నారు. శాస్త్రజ్ఞులు అలా అని చేతులు దులుపుకోలేదు. మళ్ళీ పరీక్షించారు. 2020లో మన దేశంతో సహా ఐదు దేశాల్లోని 29 ఆసుపత్రుల్లో, స్కానింగుతో వారాలు సరిగా లెక్కగట్టి, 26 నుంచి 33 వారాల మధ్యనున్న తల్లులకే ఇచ్చి చూశారు. ఈసారి బిడ్డలు బతికారు. మందు అదే. తేడా రెండింటిలో వున్నది: వారాల లెక్క సరిగా వుండటం, పుట్టిన బిడ్డను చూసుకునే దిక్కు ఆసుపత్రిలో వుండటం.

పాఠకులు ఈ విషయం మీద ఒక్క క్షణం ఆగాలి. లెక్క తెలియకుండా ఇచ్చిన మందు మేలుకు బదులు కీడు చెయ్యగలదు. లెక్క తెలిస్తే అదే మందు ప్రాణం పోస్తుంది. అంటే నెలల లెక్క ముసలమ్మల కాలక్షేపం కాదు. అది చావుబతుకుల లెక్క. నా లెక్క వైద్యుల దగ్గర వుంది, ఎందుకంటే నేను నెల జీతగత్తెను, మూడో నెలలోనే స్కానింగు తీయించుకున్నాను. పక్క మంచం ఆమె లెక్క ఎవరి దగ్గరా లేదు. ఆ తప్పు ఆమెదా?

పైగా మనం ఉపయోగించే లెక్క కూడా నిన్నమొన్నటి దాకా మనది కాదు. స్కానింగులో బిడ్డ కొలతలు చూసి వారాలు చెప్పే సూత్రాలు పాశ్చాత్య దేశపు తల్లుల మీద కట్టినవి. 2015లో హర్యానాలోని గురుగ్రాం ప్రభుత్వాసుపత్రిలో “గర్భిణి” అనే పేరుతో మొదలైన పరిశోధన వేలాది మంది భారతీయ గర్భిణులను గమనించింది. ఆ వివరాల ఆధారంతో, మద్రాసు ఐఐటీ వారు కూడా చేయి కలిపి, మన తల్లులకు తగిన సూత్రాన్ని తయారుచేసి 2024లో ప్రకటించారు. చివరి నెలల్లో వయస్సు లెక్కగట్టటంలో వచ్చే తప్పు దీనితో దాదాపు మూడు రెట్లు తగ్గుతుందని వారన్నారు. 2020లో ప్రపంచంలో 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డలు ఒక కోటి 34 లక్షలని అంచనా. అందులో 30 లక్షలకు పైగా మన దేశంలోనే పుట్టారు. ఇంతమంది పుట్టిన దేశానికి సొంత కొలబద్ద కావాలని తోచటానికి ఇంత కాలం పట్టింది!

*

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన నేరాన్ని ఒప్పుకుంటాను. నేను తరగతిలో కావ్యాలు చెప్పేదాన్ని. గర్భవతిని వర్ణించటానికి మన కవులకు ఒక పద్ధతి వుంది: ముఖం పాలిపోవాలి, ఒళ్ళు బడలాలి, మన్ను తినాలని కోరిక పుట్టాలి. కాళిదాసు రఘువంశంలో సుదక్షిణ మన్ను తింటుంది. ఆ మట్టివాసనకు దిలీపుడు మురిసిపోతాడు. తరవాత వచ్చిన మన ప్రబంధకవులు ఆ సంప్రదాయాన్ని కళ్ళకద్దుకొని కొనసాగించారు. “ఎంత సుకుమారమైన వర్ణన!” అని నేను పిల్లలకు ఏటేటా చెప్పాను. పాలిపోయిన ముఖం, బడలిక, మన్ను తినే యావ - ఈ మూడింటినీ ఏ ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలోని నర్సు ముందైనా పెట్టండి. ఆమె అలంకారం పేరు చెప్పదు. రక్తం పరీక్ష చెయ్యమంటుంది. మనం శతాబ్దాలుగా అందమని వల్లెవేసిన లక్షణాలు రక్తహీనతకూ లక్షణాలే!

మహారాణికి రక్తహీనత వుందని కవిని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. ఆయన కాలానికి ఆ జ్ఞానం లేదు. మనకు వుంది. వుండి కూడా మనం పాత కళ్ళజోడు తియ్యలేదు. స్త్రీల రామాయణపు పాటలు పాడుకున్న నిరక్షరాస్యులు మనకన్న నయం. వాళ్ళ పాటల్లో కౌసల్య వేవిళ్ళకు, నొప్పులకు చోటుంది. ఆ పాటలను మనం “జానపదం” అని మూలకు నెట్టాం.

ఆ పాలిపోయిన ముఖాన్ని వర్ణించటం మాని, ఎందుకు పాలిపోయిందని అడిగిన మనిషి కథ చెబుతాను. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భవతులు ఒక రకపు తీవ్రమైన రక్తహీనతతో కూలిపోతున్నారు. ఏదో సూక్ష్మజీవి వల్ల వచ్చే రోగమని కొందరు అనుమానించారు. ఆమె వాళ్ళ ఇండ్లకు, వాళ్ళ కంచాల దగ్గరకు చూపు మళ్ళించింది. కూనూరులోని పరిశోధనాలయంలోనూ, మద్రాసులోనూ పనిచేసింది. ఈస్టు నుంచి తీసిన చవకబారు పదార్థం తినిపిస్తే ఆ తల్లులు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. రోగం సూక్ష్మజీవిది కాదు, పేదరికపు తిండిది. ఆ తిండిలో లోపించిన పదార్థమే తరవాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. “ఫోలియం” అంటే ఆకు. పాలకూర ఆకులనుంచి తీసినందుకు ఆ పేరు పెట్టారు.

ఆ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయించినది ఎవరు? భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదివి, స్ప్రూ వ్యాధికి ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్న యల్లాప్రగడ సుబ్బారావు! మన గోదావరి బిడ్డ. ఆయన విగ్రహాలకు దండలు వేస్తాం. విల్స్ పనిచేసిన కూనూరు పరిశోధనాలయం సంగతి? అది 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. అంటే గర్భవతి రక్తహీనత రహస్యాన్ని విప్పిన వాళ్ళలో ఒకడు మనవాడు, ఆ పరిశోధనకు నీడనిచ్చిన సంస్థ ఇప్పుడు మన నడుమ వున్నది. గర్భవతులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచే జాతీయ పథకం 1970లో మొదలయింది.

మరి ఫలితం? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భవతుల్లో నూటికి 53.7 మంది రక్తహీనులు. పథకం పుట్టిన యాభై ఏండ్ల తరవాత, సుబ్బారావు పుట్టిన గడ్డ మీద, సగం మందికి పైగా! రక్తం చాలని తల్లికి నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం, బిడ్డ బరువు తగ్గే ప్రమాదం ఎక్కువని ఏ పాఠ్యపుస్తకం చూసినా వుంటుంది. 53.7 అనేది అంకె కాదు. అది నేరారోపణ పత్రం. దండలు వేసే చేతులు దీనికి సమాధానం చెప్పాలి.

*

ఇక్కడ మన పక్షంలోనే వున్న ఒక మిత్రుని అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. ఆయన అంటాడు: “రోగం పేదరికమే అయినప్పుడు పరిశోధన ఎందుకండీ? కూలి పెంచండి, కడుపునిండా అన్నం పెట్టండి, చాలు. పరిశోధన ధనికదేశాల విలాసం.” మాట వినటానికి అభ్యుదయంగానే వుంది. కాని ఇది సగం నిజం. సగం నిజం పూర్తి అబద్ధంకన్న ప్రమాదం.

కూలి పెరగాలి, సందేహం లేదు. కాని బొంబాయి మిల్లుల్లో ఏది లోపించిందో “అన్నం పెట్టండి” అన్న నినాదం చెప్పలేకపోయింది, పరిశోధన చెప్పింది. తెల్లని పాలిషు బియ్యపు అన్నం కడుపు నింపినంత మాత్రాన రక్తం పట్టదని కోనసీమలో మనకన్న ఎవరికి తెలియాలి? వరి పండే గడ్డ మనది. రక్తహీనత పండే గడ్డ కూడా మనదే! ఇంకొక ఉదాహరణ: గుర్రపువాతపు తొలిదశను అడ్డుకోవటానికి గర్భవతులకు కాల్షియం ఇవ్వాలి. రోజుకు 1,500 మిల్లీగ్రాములు దాకా ఇవ్వాలన్నారు. అన్ని మాత్రలు కొనేదెవరు, మింగేదెవరు? 2024లో బెంగుళూరులోనూ టాంజానియాలోనూ ఒక్కోచోట 11,000 మంది గర్భిణులతో చేసిన పరిశోధన, ఈ ముప్పును అడ్డుకోవటంలో 500 మిల్లీగ్రాములు కూడా అంతగానూ పనిచేస్తుందని తేల్చింది. మూడింతల ఖర్చు ఒకింత అయింది. దీన్ని విలాసమంటారా? పేదవాడి పక్షాన నిలిచిన శాస్త్రం ఇలాగే వుంటుంది.

అంచేత మనం అడగవలసింది పరిశోధన వద్దని కాదు. ఎవరి జీవితం మీద పరిశోధన అని. తమిళనాడులో ఎండలో పనిచేసే గర్భవతులను గమనించారు. 800 మంది వివరాలతో 2024లో వచ్చిన ఆ పరిశోధన, వేడిలో పనిచేసేవారికి గర్భం పోయే ప్రమాదం దాదాపు రెండింతలని చూపింది. మన డెల్టాలో నాట్లలో గంటల తరబడి వంగి పనిచేసే తల్లి నడుము మీద, వేసవిలో ఇటుక బట్టీ దగ్గర మోత మోసే తల్లి గర్భం మీద, కొబ్బరి పీచు దుమ్ములో కూర్చున్న తల్లి ఊపిరి మీద ఇలాంటి ప్రశ్నలు ఇక్కడివారు ఇక్కడే అడగాలి. నెలలు నిండని కాన్పులు చాలావాటికి కారణం ఈనాటికీ తేలటం లేదని వైద్యులే చెబుతున్నారు. కారణం తేలనప్పుడు సంఘం ఏం చేస్తుంది? తల్లి నెత్తిన వేస్తుంది. “బరువెత్తింది”, “గ్రహణం చూసింది”, “బొప్పాయి తిన్నది”, “అడుగు మంచిది కాదు”. పరిశోధన ఖాళీగా వదిలిన ప్రతి చోటునూ నింద నింపుతుంది. పరిశోధన కావాలనటానికి నాకు ఇంతకన్న బలమైన కారణం కనిపించదు.

*

ఇక శాస్త్రపు తెల్లకోటు తొడుక్కున్న అశాస్త్రం సంగతి. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు, తెలంగాణలో 60.7 కాన్పులు కోత కాన్పులు. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీస్తే నూటికి 63. కోత నా ప్రాణం కాపాడింది. నేను దానికి శత్రువును కాను. అవసరమైనచోట అది వరం. కాని వందమంది ఆడవాళ్ళలో అరవైమందికి ప్రకృతి ఒక్కసారిగా దారి మూసిందా? తెలుగుదేశపు ఆడవాళ్ళ దేహాల్లో ఏదో మార్పు వచ్చిందా, లేక ఆసుపత్రుల చిట్టాల్లో వచ్చిందా?

దీనికి తోడు పంచాంగం. ఫలానా నక్షత్రంలో, ఫలానా ఘడియలో పుడితే బిడ్డ మహర్జాతకుడవుతాడని సిద్ధాంతి ముహూర్తం పెడతాడు. తండ్రి ఆ చీటీ తెస్తాడు. కత్తి పట్టిన చెయ్యి సరేనంటుంది. 39 వారాలు నిండకముందే, అవసరం లేకుండా, నొప్పులు రాకుండా కోసి తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువని శాస్త్రం చెబుతున్నది. గ్రహబలం కోసం తీసిన బిడ్డకు ఊపిరిబలం చాలక అద్దాల పెట్టెలో పెట్టవలసివస్తుంది! తెలంగాణ ఆరోగ్యమంత్రి 2022లో ఈ ముహూర్తపు కోతలు మానాలని బహిరంగంగా చెప్పవలసివచ్చిందంటే జాడ్యం ఎంత ముదిరిందో తెలుస్తుంది. లంకలోని ముసలమ్మ ఎనిమిదో నెల నానుడిని చూసి నవ్వే పట్నవాసులు తమ చేతిలోని ముహూర్తం చీటీని ఒకసారి చూసుకోవాలి. ఆ ముసలమ్మ అన్యాయంగా వచ్చిన దుఃఖానికి ఒక అబద్ధం వెతుక్కున్నది. వీళ్ళు డబ్బు పోసి దుఃఖాన్ని కొనుక్కుంటున్నారు.

అసలైన శాస్త్రం ఒక్కొక్కసారి ఎంత నిరాడంబరంగా వుంటుందో చూడండి. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో అద్దాల పెట్టెలు చాలక, ఒక ప్రభుత్వాసుపత్రి వైద్యులు తక్కువ బరువు బిడ్డలను తల్లి రొమ్ము మీద, చర్మానికి చర్మం ఆనేట్లు కట్టి వుంచారు. కంగారూ పద్ధతి అని పేరు వచ్చింది. మన దేశంతో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో ప్రకటితమైన పరిశోధన, పుట్టగానే ఈ పద్ధతి మొదలుపెడితే తక్కువ బరువు బిడ్డల మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని చూపింది. నా బిడ్డను నర్సు నా గుండెల మీద పెట్టి రైక కొంగుతో కట్టింది. పక్క మంచం ఆమెకు నెత్తురు పోయి లేవలేని స్థితి. బిడ్డను మరో గదిలో పెట్టారు. తల్లి లోపలకు రాకూడదన్నారు. ఈ పద్ధతిలో ఆసుపత్రి కొనవలసిన యంత్రం లేదు. మార్చుకోవలసింది గడప దగ్గరి నియమం. తల్లిని లోపలికి రానియ్యటానికి ఏ బడ్జెటు కావాలి?

*

చివరకు చట్టం దగ్గరకు వద్దాం. నాకు ఆరు నెలల జీతపు సెలవు ఇచ్చారు. పక్క మంచం ఆమెకు ఆ రోజు నాటు కూలి కూడా పూర్తిగా ముట్టలేదు. సగం రోజుకే గట్టెక్కింది కదా! 2013 జాతీయ ఆహారభద్రత చట్టం, ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు ప్రసూతి సాయం ఇవ్వాలన్నది. 2017లో వచ్చిన కేంద్ర పథకం దాన్ని 5,000 చేసి, మొదటి కాన్పుకే ఇస్తామన్నది. తరవాత, 2022లో, రెండో కాన్పుకూ ఇస్తామన్నారు, ఆడపిల్ల పుడితేనే! చట్టం “ప్రతి తల్లి” అన్నది. పథకం “ఎన్నో కాన్పు, ఏ బిడ్డ” అని అడుగుతున్నది. మూడో కాన్పు తల్లి తల్లి కాదా? చట్టం వ్రాసిన చేతికీ ఖర్చు వ్రాసిన చేతికీ మధ్య ఎన్ని కాన్పులు జరిగిపోయినవి!

నాట్లు వేసే తల్లి ఎనిమిదో నెలలో వంగకుండా వుండాలంటే ఆ రెండు మూడు నెలల కూలి ఆమెకు ఎవరో ఇవ్వాలి. “విశ్రాంతి తీసుకోవమ్మా” అని చెప్పటానికి ప్రతివాడూ సిద్ధమే. విశ్రాంతికి ధర వుంది. ఆ ధర చెల్లించని సలహా సలహా కాదు, అవహేళన. 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళయిందని ఆంధ్రప్రదేశ్ గురించి అదే సర్వే చెబుతున్నది. గురజాడ కన్యాశుల్కం వ్రాసి నూట ముప్పయి ఏండ్లు దాటింది. ఎదగని తల్లికి ఎదిగిన బిడ్డ ఎలా పుడుతుంది? నా తరగతిలో బెంచీ ఖాళీ చేసి పెళ్ళిపీట ఎక్కిన ఆడపిల్లలను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఆ వేళ్ళు చాలవు.

“ఇదంతా వైద్యుల గొడవ, రచయితలకేం పని?” అని అడిగేవారుంటారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలి పెట్టి శాస్త్రవిషయాలను తెలుగు చేసినప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. ఆయన కూతురు అచ్చమాంబ బెజవాడలో స్త్రీలకు వైద్యం చేసే డాక్టరయింది. కొడవటిగంటి కుటుంబరావు కథలు వ్రాసిన కలంతోనే సైన్సు వ్యాసాలు వ్రాశాడు. ఆ త్రోవ మనకు వున్నది. మనమే నడవటం మానేశాం. ఈనాడు గర్భిణుల మీద జరిగే పరిశోధన అంతా ఇంగ్లీషు పత్రికల్లో వుంది. ఎవరి రక్తం తీసి పరీక్షించారో వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో ఒక్క పేజీ లేదంటే అతిశయోక్తి కాదు. ఇది వైద్యుల లోపం ఎంతో, తెలుగు చదివి జీతం తింటున్న నాలాంటివాళ్ళ లోపం అంత.

కనుక రచయితలను అడుగుతున్నాను. గర్భవతిని వర్ణించండి, వద్దనను. పాలిపోయిన ముఖాన్ని చూసినప్పుడు ఉపమానం వెతకబోయే ముందు ఆమె కంచంలోకి చూడండి. నెలలు నిండని బిడ్డ పోయినప్పుడు “విధి” అని వ్రాయబోయే ముందు ఆ తల్లి చివరిరోజు ఎవరి చేలో, ఎంత కూలికి వంగిందో వ్రాయండి. పరిశోధకులను అడుగుతున్నాను: మీ ప్రశ్నలు మా గట్ల మీదకు రానివ్వండి. ప్రభుత్వాన్ని అడుగుతున్నాను: చట్టంలో వ్రాసినది మొదటి తల్లికీ మూడో తల్లికీ ఇవ్వండి, మూడో నెలలో ఒక స్కానింగు, చేతిలో వారాల లెక్క వున్న ఒక కాగితం ప్రతి లంక ఆడమనిషికీ దక్కేట్లు చూడండి.

ఆ అత్తను నేను మొన్న ఆలమూరు సంతలో చూశాను. కోడలు మళ్ళీ నీళ్ళు పోసుకున్నదట. “ఎన్నో నెల?” అని అడిగాను. “ఏమో పంతులమ్మగారూ, నాలుగో ఐదో” అన్నది. ఈసారి లెక్క తప్పితే అది ఆ అత్త లెక్క కాదు. ఇంత తెలిసి ఊరుకున్న మనందరి లెక్క.